ట్యాపు కొనేముందు బెజ్జాన్ని అడగండి

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా కరువు భత్యం బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ, ఏటేటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం గురించీ మాట్లాడుకుంటాం. ప్రత్యేక సంచిక కోసం ఈసారి ఎవరి ఉద్యోగంలో వారు నేర్చుకున్న ఒక సంగతి చెప్పమని కార్యదర్శి గారు కోరారు. నేను 'మెషిన్ ట్యాపుల ఎంపిక' అని చీటీ రాసి ఇచ్చాను. అది చూసి ఒక మిత్రుడు, "ఏమండీ, మునిసిపల్ కుళాయిల గురించా?" అని అడిగారు. కాదండీ. ఈ ట్యాపులో నీళ్ళు రావు. ఇనుములో బెజ్జం వేసి, ఆ బెజ్జం లోపల బోల్టు ఎక్కడానికి మర కోసే పనిముట్టు ఇది.

నేను గుమాస్తాను. ఒక ప్రభుత్వ వర్క్‌షాపులో స్టోర్సు, కొనుగోళ్ళ సెక్షన్లో 33 ఏళ్ళు పనిచేసి 2008లో రిటైరయ్యాను. మర కొయ్యడం నాకు రాదు. మర కోసే పనిముట్టును కొనడానికి కాగితం ఎలా రాయాలో మాత్రం ఫోర్‌మన్ల దగ్గరా, మెషినిస్టుల దగ్గరా అడిగి అడిగి నేర్చుకున్నాను. మనలో చాలామంది కొడుకులు, అల్లుళ్ళు, మనవలు విజయవాడ ఆటోనగర్లోనో, హైదరాబాదు బాలానగర్లోనో చిన్న చిన్న షెడ్లు నడుపుతున్నారు. గ్రాట్యుటీ డబ్బు తీసి డ్రిల్లింగు మిషను కొనిచ్చినవారు, బ్యాంకు అప్పుకు హామీ సంతకం పెట్టినవారు కూడా ఈ సభలో ఉన్నారు. అందుచేత ఈ విషయం మనకు పరాయిది కాదు.

ముందు ట్యాపు అంటే ఏమిటో రెండు ముక్కల్లో మనవి చేస్తాను. చూడటానికి అది బోల్టులాగే ఉంటుంది, కానీ గట్టి ఉక్కుతో చేసింది. ఒళ్ళంతా నిలువునా గాళ్ళు తీసి ఉంటాయి. ఆ గాళ్ళ అంచులే కత్తులు. తిప్పుతూ బెజ్జంలోకి దించితే అది లోహాన్ని కోసుకుంటూ తన ఆకారంలోనే మర చేసుకుంటూ పోతుంది. చేతితో తిప్పే ట్యాపులు మూడు కలిపి ఒక సెట్టుగా వస్తాయి. మొదటిది కొద్దిగా, రెండోది ఇంకొంచెం, మూడోది పూర్తిగా కోస్తుంది. మధ్య మధ్య వెనక్కి తిప్పి పొట్టు విరగ్గొట్టుకునే వీలు కూడా మనిషి చేతికి ఉంది. మెషిన్ ట్యాపుకు ఆ వెసులుబాటు లేదు. ఒకే ట్యాపు, ఒకే దూకుడులో, మర మొత్తం కోసి బయటికి రావాలి. అందుకే చేతి ట్యాపు కొనేటప్పుడు అవసరం లేని ప్రశ్నలు మెషిన్ ట్యాపు కొనేటప్పుడు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఏ మర?

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. ఒకప్పుడు ఒక్కొక్క కార్ఖానాకు ఒక్కొక్క రకం మర ఉండేది. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల కోణంతో ఒక పద్ధతి ప్రతిపాదించాడు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల కోణంతో మరొకటి ప్రతిపాదించాడు. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి 60 డిగ్రీల ఉమ్మడి మరకు ఒప్పుకున్నాయి. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మారింది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చిన సంగతి ఈ సభలోని పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అణాల లెక్క అంత త్వరగా నోటి మీద నుంచి పోయిందా? మరలూ అంతే. పాత యంత్రాలకు అంగుళాల మర, కొత్త యంత్రాలకు మెట్రిక్ మర, రెండూ ఒకే షెడ్డులో ఉండేవి.

అర అంగుళం విట్‌వర్త్ మరకు అంగుళానికి 12 చుట్లు. అర అంగుళం అమెరికా ముతక మరకు 13 చుట్లు. కంటికి తేడా తెలియదు. బోల్టు రెండు మూడు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది, బలవంతం చేస్తే మర చెడుతుంది. మెట్రిక్‌లో కూడా ఎం 10 అని రాస్తే సరిపోదు. ముతక మర అయితే చుట్టుకు చుట్టుకు మధ్య దూరం, అంటే పిచ్, 1.5 మిల్లీమీటర్లు. సన్న మర అయితే 1.25 ఉండవచ్చు, 1 ఉండవచ్చు. కనుక కాగితం మీద 'ఎం 10 × 1.5' అని పూర్తిగా రాయాలి. ఇంటి పేరు లేకుండా ఉత్తరం రాస్తే పోస్టుమాన్ ఏం చేస్తాడు?

రెండో ప్రశ్న: బెజ్జం అటువైపు తెరిచి ఉందా, మూసి ఉందా?

ఈ రోజు నా ప్రసంగంలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోదలిస్తే ఇదే పెట్టుకోండి. ట్యాపు లోహాన్ని కోసినప్పుడు పొట్టు వస్తుంది. ఆ పొట్టు ఎటు పోవాలి అన్నదే ట్యాపు ఆకారాన్ని నిర్ణయిస్తుంది. బెజ్జం ఈ పక్క నుంచి ఆ పక్కకు తెరిచి ఉంటే, అంటే త్రూ హోల్ అయితే, పొట్టును ముందుకు తోసే ట్యాపు కావాలి. దీన్ని స్పైరల్ పాయింట్ అంటారు, షాపుల్లో గన్ ట్యాపు అంటారు. దీని గాళ్ళు నిలువుగానే ఉంటాయి కానీ ముక్కు దగ్గర ఏటవాలుగా చెక్కి ఉంటుంది. పొట్టు ముందుకు పోయి అటువైపు రాలిపోతుంది.

బెజ్జం అడుగున మూసి ఉంటే, అంటే బ్లైండ్ హోల్ అయితే, ముందుకు తోసిన పొట్టు అడుగున చేరి గట్టిపడుతుంది. ట్యాపు దాని మీద కూర్చుని విరుగుతుంది. ఇక్కడ పొట్టును పైకి లాగే ట్యాపు కావాలి. అది స్పైరల్ ఫ్లూట్ ట్యాపు. డ్రిల్లు బిట్టులాగా దీని గాళ్ళు మెలి తిరిగి ఉంటాయి. పేర్లు రెండూ స్పైరల్ అనే మొదలవుతాయి కనుక కొట్లో కుర్రవాడు ఒకటి బదులు ఇంకొకటి ఇచ్చే ప్రమాదం ఉంది. పేరు చూడకండి, గాడి చూడండి.

మూసిన బెజ్జానికి ఇంకొక జాగ్రత్త. ట్యాపు కొనలో మొదటి కొన్ని చుట్లు పూర్తి మర కొయ్యవు, అవి దారి చేసే చుట్లు. గన్ ట్యాపుకు ఇవి సాధారణంగా మూడున్నర నుంచి అయిదున్నర, స్పైరల్ ఫ్లూట్ ట్యాపుకు రెండు మూడు. కనుక మర ఎంత లోతు కావాలో, డ్రిల్లు అంతకంటే ఎక్కువ లోతు దిగాలి. అడుగున చోటు లేకపోతే ఏ ట్యాపైనా విరుగుతుంది.

మూడో ప్రశ్న: ఏ లోహం?

బీడు, అంటే కాస్ట్ ఐరన్, కోసినప్పుడు పొడిలా రాలుతుంది. ఇత్తడి చిన్న చిన్న ముక్కలుగా రాలుతుంది. వీటికి నిలువు గాళ్ళ ట్యాపు చక్కగా పనిచేస్తుంది. మెత్తని ఉక్కు పొడవాటి చుట్టలు చుట్టుకుంటుంది, అక్కడే పైన చెప్పిన ముందుకా వెనక్కా అన్న ప్రశ్న ముఖ్యం. స్టెయిన్‌లెస్ స్టీలు కోసేకొద్దీ గట్టిపడే గుణం కలది. దానికి కోబాల్టు కలిపిన హైస్పీడు స్టీలు ట్యాపు, తక్కువ వేగం, మంచి కటింగ్ ఆయిల్ కావాలి. అల్యూమినియం, రాగి వంటి సాగే లోహాలకు అసలు కొయ్యకుండా, లోహాన్ని నొక్కి మర తేల్చే ఫార్మింగ్ ట్యాపు ఉంది. పొట్టే రాదు కనుక మూసిన బెజ్జంలో పొట్టు బెడద లేదు. కానీ దాన్ని బీడుకు వాడకూడదు. బీడు సాగదు, పగులుతుంది.

నాలుగో ప్రశ్న: డ్రిల్లు ఎంత?

ట్యాపు విరిగితే అందరూ ట్యాపును తిడతారు. నేను చూసినంతలో చాలాసార్లు తప్పు దానికంటే ముందు వేసిన బెజ్జానిది. లెక్క చాలా సులువు. మర సైజులోంచి పిచ్ తీసెయ్యండి. ఎం 6కు పిచ్ 1, డ్రిల్లు 5. ఎం 8కు పిచ్ 1.25, డ్రిల్లు 6.8. ఎం 10కు పిచ్ 1.5, డ్రిల్లు 8.5. ఎం 12కు పిచ్ 1.75, డ్రిల్లు 10.2. ఎం 16కు పిచ్ 2, డ్రిల్లు 14. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేసే తీసివేత. ఫార్మింగ్ ట్యాపుకు మాత్రం సుమారు సగం పిచ్ తీస్తే చాలు. ఎం 10కు దాదాపు 9.3 డ్రిల్లు కావాలి. కోసే ట్యాపు డ్రిల్లు వేసి ఫార్మింగ్ ట్యాపు దింపితే విరగక ఏం చేస్తుంది?

"బెజ్జం సన్నగా వేస్తే మర లోతుగా పడి గట్టిగా ఉంటుంది కదా" అని కొందరు అనుకుంటారు. పైన చెప్పిన లెక్కతో మర పూర్తి లోతులో సుమారు నాలుగింట మూడు వంతులు పడుతుంది, అది చాలు. ఇంకా లోతు చేస్తే బలం పెరిగేది కాస్త, ట్యాపు మీద పడే భారం మాత్రం బాగా ఎక్కువ. బలం కావాలంటే మర లోతు కాదు, బోల్టు ఎక్కే పొడవు పెంచాలి. ఉక్కులో బోల్టు లావుకు సమానమైన పొడవు, బీడులో దానికి ఒకటిన్నర రెట్లు, అల్యూమినియంలో రెండు రెట్లు అన్నది మా ఫోర్‌మన్లు చెప్పే మోటు లెక్క.

ఇక ఈ సంగతులు ఒక గుమాస్తాకు ఎందుకు పట్టాయో చెబుతాను. 1980ల చివర్లో మాట. మా షాపులో ఒక పోత ఉక్కు హౌసింగుకు ఎనిమిది బెజ్జాలు ట్యాపింగు చెయ్యాలి. అన్నీ మూసిన బెజ్జాలే. ఆరో బెజ్జంలో ట్యాపు విరిగి లోపలే ఉండిపోయింది. తియ్యబోతే బెజ్జం అంచు కూడా చెడింది. ఆ హౌసింగు ఖరీదు ఆ మెషినిస్టుకు అయిదారు నెలల జీతం. అజాగ్రత్త అని మెమో ఇచ్చి, ఖరీదు జీతంలోంచి వాయిదాలుగా రాబట్టమని ఫైలు నడిచింది. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. పెద్దమ్మాయికి సంబంధం కుదిరి ఉంది. ఆయన ఎవరినీ బతిమాలలేదు. భోజనాల వేళ మా సెక్షన్ గుమ్మం దగ్గరికి వచ్చి, "గుమాస్తా గారూ, నాకు ఇచ్చిన ట్యాపే వాడానండీ, నేను ఇంటి నుంచి తెచ్చుకోలేదు" అన్నాడు, అంతే.

ఖరీదు లెక్క కట్టడానికి ఫైలు నా దగ్గరికి వచ్చింది. ఆ ట్యాపులు కొన్న పాత ఇండెంటు బయటికి తీశాను. నేను ఆ సీటుకు రాకముందుది. అందులో ఉన్నది ఒకటే వరుస: 'ట్యాపు, ఎం 12, హెచ్.ఎస్.ఎస్., 50 నెంబర్లు.' పిచ్ లేదు. లోహం లేదు. బెజ్జం తెరిచి ఉందో మూసి ఉందో లేదు. కొటేషన్లు వచ్చాయి, తక్కువ ధరవాడికి ఆర్డరు పోయింది, వాడు గన్ ట్యాపులు ఇచ్చాడు. ఎం 12 అడిగారు, ఎం 12 ఇచ్చాడు, వాడి తప్పేముంది? స్టోర్సులో ఉన్నవి మెషినిస్టుకు ఇచ్చారు. ఆయన తప్పేముంది?

ఇదంతా నోటులో పెట్టాను. గుమాస్తా నోటుకు ఉండే భాష మీకు తెలుసు, 'సమర్పించడమైనది', 'ఆదేశాల కొరకు' అన్నవే. చివర ఒక ప్రశ్న మాత్రం చేర్చాను: పైకి పొట్టు లాగే ట్యాపు స్టాకులో ఉండగా ఆయన వాడలేదా, లేక అసలు స్టాకులోనే లేదా? స్టాకు రిజిస్టరు పేజీ నెంబరు వేసి, లేదని చూపించాను. ఫోర్‌మన్ గారు బెజ్జాల లోతు కొలిచి, మూసినవేనని కింద సంతకం పెట్టారు. నాలుగు నెలలు ఫైలు తిరిగింది. ఆఖరికి హౌసింగు ఖరీదు రాబట్టనక్కరలేదని ఉత్తర్వు వచ్చింది. ట్యాపు ఖరీదు మాత్రం జీతంలో పట్టుకున్నారు! ఎందుకని ఎవరూ చెప్పలేదు. ఆయన నవ్వి, "పోనీలెండి" అన్నాడు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడని విషయం.

ఆ తరువాత ట్యాపుల ఇండెంటుకు ఆరు వరుసలు నింపాలని మా ఫోర్‌మన్ గారూ నేనూ కలిసి ఒక నమూనా తయారుచేశాం. మీ పిల్లలకు పనికివస్తుందని ఇక్కడ ఇస్తున్నాను.

1. మర పేరు, సైజు, పిచ్.
2. లోహం ఏమిటి, ఎంత గట్టిది.
3. బెజ్జం తెరిచినదా, మూసినదా. డ్రిల్లు లోతు ఎంత, మర లోతు ఎంత.
4. ఏ మిషను మీద పని. ట్యాపు కాడ కొలత దాని హోల్డరుకు సరిపోతుందా.
5. మర బిగువు ఎంత ఉండాలి. మామూలు పనికి 6హెచ్ తరగతి సరిపోతుంది. కోసిన తరువాత జింకు పూత వేసేదైతే, పూత మందం వల్ల బెజ్జం బిగుస్తుంది కనుక కొంచెం వదులు తరగతి అడగాలి.
6. మొత్తం ఎన్ని బెజ్జాలు.

ఈ ఆరో వరుస ధర చూడటానికి. ఉదాహరణకు ఒక ట్యాపు 300 రూపాయలు, 150 బెజ్జాలు కోసిందనుకోండి. బెజ్జానికి 2 రూపాయలు పడింది. ఇంకొకటి 700 రూపాయలు, 700 బెజ్జాలు కోసింది. బెజ్జానికి 1 రూపాయే. కాగితం మీద తక్కువ ధర మొదటిదానిది, షాపులో తక్కువ ఖర్చు రెండోదానిది. విరిగిన ట్యాపుతోపాటు పోయే వస్తువు ఖరీదు ఈ లెక్కలో ఇంకా కలపనే లేదు. అయితే ఆరు బెజ్జాల పనికి ఖరీదైన ట్యాపు కొనడం కూడా తెలివి కాదు. దానికి చేతి ట్యాపుల సెట్టు చాలు.

మా కాలంలో ప్రభుత్వ కొనుగోళ్ళకు డి.జి.ఎస్. అండ్ డి. వారి రేటు కాంట్రాక్టులు ఉండేవి. ఆ సంస్థ 2017 అక్టోబరు 31న మూతపడింది. 2016లో మొదలైన జెమ్ పోర్టల్ ఇప్పుడు దాని స్థానంలో ఉంది. కాగితం పోయి కంప్యూటరు తెర వచ్చినా, వివరం అడిగే గడి ఖాళీగా వదిలితే వచ్చే ఫలితం మాత్రం మారదు.

మరి రెండు మూడు చిన్న సంగతులు చెప్పి ముగిస్తాను. బంగారు రంగులో మెరిసే ట్యాపులు చూసి కుర్రవాళ్ళు ముచ్చటపడతారు. అది టైటానియం నైట్రైడ్ పూత. అరుగుదల తగ్గిస్తుంది, నిజమే. కానీ తప్పు ఆకారం ఎంచుకుంటే పూత కాపాడదు. వేగం విషయం: మెత్తని ఉక్కులో హైస్పీడు స్టీలు ట్యాపును నిమిషానికి 10 మీటర్ల కోత వేగంతో మొదలుపెట్టవచ్చు. ఎం 10కు అది నిమిషానికి సుమారు 320 చుట్లు. చుట్టుకు సరిగ్గా 1.5 మిల్లీమీటర్లు దిగాలి. మిషను ఆ లెక్క తప్పేదైతే, కాస్త సాగి కుంగే ట్యాపింగ్ హోల్డరు తప్పనిసరి. నూనె విషయం: ఉక్కుకు కటింగ్ ఆయిల్, అల్యూమినియానికి కిరసనాయిలు పనికివస్తాయి, బీడుకు పొడిగానే కొయ్యవచ్చు.

అల్యూమినియం వస్తువులో చిన్న ఉక్కు ట్యాపు విరిగి ఉండిపోతే ఒక పాత చిట్కా ఉంది. మనం గడ్డం గీసుకున్నాక రాసుకునే పటికను నీళ్ళలో చిక్కగా కరిగించి, వేడిగా ఉంచి, వస్తువును అందులో నానబెడితే, ఉక్కును తినేస్తుంది, అల్యూమినియాన్ని పెద్దగా ముట్టదు. గంటలు పట్టవచ్చు, రోజులూ పట్టవచ్చు. వస్తువు ఖరీదైనదైతే ఓపిక పట్టవచ్చు. ఉక్కు వస్తువులో విరిగితే ఈ చిట్కా పనికిరాదు, వస్తువునూ తినేస్తుంది. దానికి స్పార్క్ ఎరోజన్ మిషను ఉన్నవారి దగ్గరికి వెళ్ళాలి.

మీ పిల్లల్లో ఎవరికైనా ఈ విద్య మీద ఆసక్తి ఉంటే, బాలానగర్లో 1968లో స్థాపించిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. అక్కడి కోర్సుల గురించి విచారించమనండి. షెడ్డు పెట్టాలనుకునే మనవడికి డబ్బు ఇచ్చే ముందు, మిషను ధర ఒక్కటే అడగకండి. "ఏ లోహం, ఎన్ని బెజ్జాలు, తెరిచినవా మూసినవా, ట్యాపు విరిగితే వస్తువు ఖరీదు ఎవరు పెట్టుకోవాలని ఒప్పందం రాసుకున్నావు?" అని అడగండి. జాబ్ వర్కు తీసుకునే చిన్నవాడికి ఆ ఆఖరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. పెద్ద కంపెనీవారు వస్తువు ఇస్తారు, పాడైతే బిల్లులో కోస్తారు. ఆ మాట ముందే కాగితం మీద పెట్టించుకోవాలి. మనం పుట్టిందే కాగితాల్లో కనుక, ఆ కాగితం చదివి పెట్టే పని మనది. అందులో వాళ్ళు మనకంటే వెనకే.

 ఆరు వరుసల నమూనా కావలసినవారు సమావేశం అయ్యాక నన్ను కలవండి, జెరాక్సు ప్రతులు నాలుగు డజన్లు తెచ్చాను.

సెలవు. నమస్కారం.